వాన మైదానంలో మేమిద్దరం

ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసింది గోరంత. బంతిని కాలితో తన్నాలి, చేత్తో ముట్టుకోకూడదు, వలలో పడితే అందరూ ఒకరి మీద ఒకరు పడి కావిలించుకుంటారు. మా వేటపాలెంలో జీడిపప్పు కార్ఖానా నుంచి ఇంటికొచ్చాక అన్నయ్యతో కలిసి పక్కింటి టీవీలో క్రికెట్ చూసేదాన్ని, అదీ చివరి ఓవర్లు మాత్రమే. మొదటి నుంచీ చూసే ఓపిక నాకెక్కడిది? రెండేళ్ళ కిందట ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ మన పగటి పూట వచ్చినప్పుడు కొన్నాళ్ళు అది కూడా చూశాను. పసుపు చొక్కాలవాళ్ళు గెలవాలని కోరుకున్నాను. మా అమ్మకి ఆ రంగు చీర ఒకటి ఉంది, అంతకు మించి కారణం లేదు. వాళ్ళే గెలిచారు. ఆటల్లో నా జ్ఞానం అక్కడితో సరి.

అలాంటి నేను ప్రత్తిపాడులో మా అత్తగారింట్లో, పత్తి బస్తాల మధ్య కూర్చుని కంప్యూటర్లో ఫుట్‌బాల్ ఆడతానని ఎవరైనా ముందే చెప్పి ఉంటే నవ్వేదాన్ని. అందులోనూ ఆ ఎండాకాలం ఆటలాడే మనసు నాకు లేదు. ఆ ఇల్లు వదిలిపెట్టి పుట్టింటికి వెళ్ళిపోవాలని, మళ్ళీ తిరిగి రాకూడదని నిశ్చయించుకుని ఉన్నాను.

మేము దూదేకులవాళ్ళం. మా మామయ్య మాబు సాహెబ్ పరుపులు కుడతారు. ఆయన తండ్రి విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకేవాడట. మామయ్య కాలానికి కరెంటు మిషను వచ్చింది. ముందు గదిలో ఆ మిషను, వెనక గదిలో పత్తి బస్తాలు, బూరుగు దూది మూటలు, కుట్టడం పూర్తయిన పరుపులు. మిషను తిరుగుతున్నంతసేపు ఇంట్లో ఫ్యాన్ వేయకూడదు, వేస్తే దూదంతా లేచిపోతుంది. బయటేమో మిరప కల్లాల కాలం, గాలి ఎటు వీచినా ఘాటు. వచ్చిన కొత్తలో తుమ్ములూ చెమటలూ తప్ప నాకు ఇంకో పని ఉండేది కాదు. కానీ ఒకటి చెప్పాలి. కిటికీలోంచి ఎండ పడినప్పుడు గాల్లో ఉన్న దూది నూగంతా వెలిగేది. పైకీ పోదు, కిందికీ రాదు, అక్కడే తేలుతూ ఉంటుంది. చేతిలో పని ఆపేసి దాన్ని చూస్తూ నిలబడిపోయేదాన్ని. మా అత్తయ్య సర్దార్‌బీ కేకేసేదాకా నేను ఏ ఊళ్ళో ఉన్నానో కూడా గుర్తుండేది కాదు.

ఆ ఇంట్లో అందరివీ కేకలే. మిషను మోతలో మాట్లాడి మాట్లాడి, అది ఆగిపోయాక కూడా వాళ్ళ గొంతులు దిగవు. మామయ్య ఉప్పు అడిగితే వీధి చివర వినిపిస్తుంది. నేను ఒక్కదాన్నే మెల్లగా మాట్లాడేదాన్ని. కొత్త కోడలి గొంతు గడప దాటకూడదని మా అమ్మ మరీ మరీ చెప్పి పంపింది. నా అసలు గొంతు సంగతి వేటపాలెంలో ఎవరినడిగినా చెబుతారు. ఇక్కడ మాత్రం దాన్ని అదుపులో పెట్టుకున్నాను. కోపమొచ్చినా సంతోషమొచ్చినా గొణుక్కోవడమే.

ఇక మా ఆయన హయాత్. మంచి మనిషి, పనిమంతుడు, బీడీ సిగరెట్టు లేవు. మాట కూడా లేదు. అదే నా బాధ.

నికా అయిన మూడో రోజు సాయంత్రం అత్తయ్య మమ్మల్ని డాబా మీదికి పంపింది. తనే వచ్చి కొత్త పరుపు పరిచి, పెళ్ళాం ఎప్పుడూ మొగుడికి ఎడమ పక్కనే కూర్చోవాలని చెప్పి, నన్ను ఆయన ఎడమ పక్కన కూర్చోబెట్టి దిగి వెళ్ళింది. ఈ పద్ధతి మా వాళ్ళకి ఎక్కడి నుంచి వచ్చిందో నేనడగలేదు. ఇరుగుపొరుగు హిందువుల ఇళ్ళల్లో ఉంది, మా ఇళ్ళల్లోనూ ఉంది, అంతే. ఆ రోజు నుంచీ అదే నా చోటు అయిపోయింది. భోజనాల దగ్గర ఎడమ పక్క, ఎవరింటికైనా వెళ్తే చాప మీద ఎడమ పక్క, పడుకుంటే మంచం మీద ఎడమ పక్క.

డాబా మీద గాలి చల్లగా ఉంది. ఊరి బయట పత్తి చేలు విచ్చుకుని, చీకటి పడుతున్నా తెల్లగానే కనపడుతున్నాయి. ఆ తెలుపు చూసి నాకు ఎక్కడ లేని ధైర్యం వచ్చింది. తల వంచుకుని, చీర అంచు వేలికి చుట్టుకుంటూ మెల్లగా అడిగాను.

"నేను మీకు నచ్చానా?"

ఆయన చేల వైపే చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపు అలాగే చూసి, లేచి నిలబడి, చలేస్తోంది కిందికి పోదామన్నాడు.

ఆడది నోరు తెరిచి అడిగిన మాటకి అంతకంటే స్పష్టమైన జవాబు ఏముంటుంది? ఆ తర్వాత ఇంకెప్పుడూ ఆ ప్రశ్న అడగలేదు. చిన్న చిన్నవి అడిగేదాన్ని. ఈ చీర బాగుందా, గుంటూరు వెళ్తే గాజులు తెస్తారా, మీకు చేపల పులుసు ఇష్టమా అని. ఎదురుగా నిలబడి అడిగితే తలూపేవాడు. పక్కన కూర్చుని అడిగితే గోడతో మాట్లాడినట్టే ఉండేది. ఆర్నెల్లు అలా గడిచాయి.

వేసవిలో మా చిన్నాన్న కూతురు జమీలా పెళ్ళి కుదిరింది. శుక్రవారం మా అన్నయ్య షఫీక్ వచ్చి నన్ను తీసుకెళ్తానని ఫోన్ చేశాడు. పెళ్ళికి వెళ్ళేవాళ్ళు రెండు మూడు చీరలు సర్దుకుంటారు. నేను ట్రంకు పెట్టె తెరిచి నావి ఏవేవి ఉన్నాయో అన్నీ అందులో పెట్టాను. చలికాలంలో కప్పుకునే శాలువా కూడా పెట్టాను. నచ్చని మనిషి పక్కన కూర్చుని, గొణుక్కుంటూ ముసలిదాన్ని కావడం నావల్ల కాదు. ఎవరికీ చెప్పలేదు. వేటపాలెం వెళ్ళాక అమ్మకి చెబుదామనుకున్నాను.

ఆ వారం మొదట్లో మిషను బెల్టు తెగింది. మామయ్య గుంటూరు వెళ్ళి వెతికితే ఆ సైజు దొరకలేదు, విజయవాడ నుంచి రావాలన్నారట. ఇల్లు ఒక్కసారిగా సద్దుమణిగింది. మిషను ఆగితే ఇంత నిశ్శబ్దం ఉంటుందని నాకు తెలియదు. ఫ్యాన్ వేసుకోవచ్చు. దూరంగా కల్లంలో ఆడవాళ్ళు మిరపకాయలు ఏరుతూ చెప్పుకునే కబుర్లు కూడా గాలికి తేలి వచ్చేవి.

పని లేక మా ఆయన వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అది మా మరిది రసూల్‌ది. గుంటూరులో కంప్యూటర్ కోర్సు చదువుతూ, విడి భాగాలు తెచ్చి తనే బిగించుకుని, హాస్టల్లో పెట్టుకునే చోటు లేక ఇక్కడ వదిలిపెట్టాడు. అత్తయ్యకి ఆ యంత్రమంటే భయమూ భక్తీ కూడా. దూది నూగు లోపలికి పోతే పాడైపోతుందని రసూల్ ఒక్కసారి అన్నాడు. అంతే, ఆవిడ దానికి బట్టలు కుట్టింది. తెర ఉండే పెట్టెకి ఒకటి, కింద ఉండే పెట్టెకి ఒకటి. మామూలు గుడ్డ కూడా కాదు. పూల చీటీ గుడ్డ రెండు పొరలు వేసి, మధ్యలో దూది పరిచి, గళ్ళు గళ్ళుగా కుట్టి, నాడాలు పెట్టిన బొంతలు. పరుపులు కుట్టే ఇంట్లో దేన్ని కాపాడాలన్నా దూది పెట్టడమే తెలుసు. మా ఆయన ఆడే ముందు ఆ రెండూ ఊడదీసేవాడు. ఆయన లేవగానే అత్తయ్య మళ్ళీ తొడిగేది.

నేను గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతున్నాను. ఊరికే తలెత్తి చూస్తే తెర మీద వాన పడుతోంది. కాకులు కూడా నోరు తెరుచుకుని కూర్చునే ఏప్రిల్ ఎండ బయట. ఆ తెరలో మాత్రం పచ్చటి మైదానం, పెద్ద పెద్ద దీపాలు, ఆ వెలుతురులో సన్నగా ఏటవాలుగా ఆగకుండా వాన. తడిసిన గడ్డి మెరుస్తోంది. అంచుల్లో గొడుగులు వేసుకుని జనం. ఏ దేశమో, ఏ ఊరో. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంత చల్లటి చోటు ఇంట్లోనే ఉంటే ఇన్నాళ్ళూ ఎవరూ నాకు చెప్పలేదు.

ఆ వాన ఎక్కడిదని వెనక నుంచి అడిగాను. జవాబు లేదు. ఒళ్ళు మండింది. ఎలాగూ వెళ్ళిపోయేదాన్ని, ఇంకా ఎవరికి భయపడాలి? చేట పక్కన పెట్టి లోపలికి వెళ్ళాను. ఆయన ఎడమ పక్కన పత్తి బస్తాలు గోడ వరకు పేర్చి ఉన్నాయి, కాలు పెట్టే సందు లేదు. కుడి పక్కన ఒక స్టూలు ఉంది. దాని మీద స్పీకర్లు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టుకున్నాడు. వాటిని తీసి బల్ల మీదికి జరిపి ఆ స్టూలు మీద కూర్చుని, నేనూ ఆడతానన్నాను.

ఆయన తిరిగి నా ముఖం చూశాడు. కీబోర్డు కొంచెం ఇటు జరిపాడు. కుడి చివర బాణం గుర్తుల మీటలు నాకు, ఎడమ వైపు అక్షరాల మీటలు ఆయనకి. ఇద్దరిదీ ఒకే జట్టు, పసుపు చొక్కాలు. కావాలనే పెట్టాడో, ముందే ఉన్నాయో తెలియదు.

నాకిచ్చిన ఆటగాడు వట్టి మొండివాడు. కుడికి పొమ్మంటే గీత దాటి బయటికి పోయేవాడు. ఆగమంటే గిరగిరా తిరిగేవాడు. బంతి అటు పోతుంటే వీడు ఇటు పోతాడు. స్పీకర్లో ఒక దొర గుక్క తిప్పుకోకుండా ఇంగ్లీషులో ఏదేదో చెబుతున్నాడు, నన్నే తిడుతున్నాడేమో అనిపించింది. కాసేపటికి వేళ్ళకి కొంచెం దారి తెలిసింది. సగం ఆట అయిందని ఆపి, మళ్ళీ మొదలుపెట్టారు. అప్పుడు బంతి నాకు దొరికింది. వదల్లేదు. వానలో, ఒంటరిగా, ఎవరూ అడ్డం లేకుండా పరుగెత్తుకుంటూ పోయాను. ఎదురుగా వల కాసేవాడు ఒక్కడే ఉన్నాడు, వాడు కూడా నన్ను చూసి కదల్లేదు. లాగి తన్నాను. వల ఊగింది. లేచి నిలబడి చేతులు పైకెత్తాను.

పక్కన శబ్దం. తిరిగి చూస్తే మా ఆయన నవ్వుతున్నాడు. కడుపు పట్టుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ. ఆర్నెల్లలో ఆ నవ్వు నేను వినలేదు. సగం ఆట తర్వాత రెండు జట్లూ వైపులు మారతాయట. నేను కొట్టింది మా వలలోకే.

"మారితే చెప్పాలి కదా మనిషన్నవాడు" అని నా అలవాటు కొద్దీ గొణుక్కున్నాను.

"చెప్పేలోపే కొట్టేశావుగా" అన్నాడు ఆయన.

నేను ఉలిక్కిపడ్డాను. నా గొణుగుడికి ఆ ఇంట్లో జవాబు రావడం అదే మొదలు. ఆ తర్వాత అలా వస్తూనే ఉంది. ఆ బంతి ఇస్తే నీ సొమ్మేం పోయిందిరా అని ఒక ఆటగాణ్ణి గొణిగితే, ఇస్తున్నా తీసుకో అని ఈయన అందుకునేవాడు. మధ్య మధ్య నాకివ్వు, నాకివ్వు అని నన్ను అడిగేవాడు. ఇల్లు ఊడవమనీ, నీళ్ళు తెమ్మనీ అందరూ అడుగుతారు. నాకివ్వు అని ఆయన అడుగుతుంటే మాత్రం ఇంకేదో అడిగినట్టు ఉండేది. నేను వెంటనే ఇచ్చేసేదాన్ని.

మర్నాడు మధ్యాహ్నం నేనే ముందు వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాను. ఆ రోజు ఆయన వాన బదులు మంచు పెట్టాడు. మైదానమంతా తెల్లబడింది. ఆకాశం నుంచి తెల్లగా రాలుతూనే ఉంది, బంతి ఒక్కటే మిరపపండు రంగులో దొర్లుతోంది. వీళ్ళింట్లో కూడా ఎవరో దూది ఏకుతున్నారని నాలో నేను అనుకున్నాను, పైకే అన్నానట. ఆయన నవ్వి, ఫ్యాన్ ఆపమని చెప్పు వాళ్ళకి అన్నాడు. బయట నుంచి ఘాటు వచ్చి ఇద్దరం ఒకేసారి తుమ్మాం, ఆ సందులో అవతలివాళ్ళు గోలు కొట్టారు. మాకు పట్టలేదు. తెరలో మంచు, పైన ఫ్యాను, కిటికీ దగ్గర ఎండలో మిగిలిపోయిన నూగు. ఆ గది ప్రత్తిపాడులో ఉందంటే నమ్మాలనిపించలేదు. ఆ మైదానం చుట్టూ ఉన్న జనంలో మేమిద్దరం ఎక్కడో కూర్చుని ఉన్నామనీ, మమ్మల్ని ఎవరూ ఎరగరనీ, ఆట అయ్యాక ఆ మంచులో నడుచుకుంటూ ఇంటికి పోతామనీ అనిపించింది. మా వేటపాలెం సముద్రం గురించి చెప్పాను. ఆయన తన చిన్నప్పుడు బూరుగు చెట్టెక్కి కాయలు కోసేవాడినని చెప్పాడు. ఈ మనిషికి ఇన్ని మాటలు ఉన్నాయా అని ఆశ్చర్యపోయాను.

ఆ సాయంత్రం చాలా ఇష్టంగా వంట చేశాను. భోజనానికి ఆయన పక్కన, ఎప్పుడూ కూర్చునే చోట కూర్చున్నాను. మామయ్య అత్తయ్య వినకుండా, ఇందాకటి ఆఖరి గోలు మీది కాదు, నాది అన్నాను. ఆయన అన్నం కలుపుకుంటున్నాడు. మళ్ళీ అన్నాను. ముద్ద నోట్లో పెట్టుకుని పప్పు గిన్నె వైపు చూశాడు. అంతే.

నేను చేతిలో ముద్ద కంచంలో వదిలేశాను. ఆట ఉన్నంతసేపే నేను మనిషిని. ఆట అయిపోతే మళ్ళీ పరుపునో దిండునో. అసలేమీ లేనప్పుడు అలవాటైపోయింది. కొంచెం ఇచ్చి లాక్కుంటే ఎలా ఓర్చుకోవాలి? మర్నాడు నేను వెనక గదికి వెళ్ళలేదు. ఆయన వంటింటి గుమ్మం దాకా వచ్చి, కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. నేను ట్రంకు పెట్టె తెరిచి, మిగిలిన జాకెట్లు కూడా సర్దేశాను.

శుక్రవారం పొద్దున బెల్టు వచ్చింది. మామయ్య బిగించారు. నమాజు నుంచి రాగానే మిషను మొదలుపెడదామన్నారు. ఇక నూగు లేస్తుందని అత్తయ్య కంప్యూటర్‌కి రెండు బొంతలూ తొడిగి నాడాలు గట్టిగా ముడేసింది. నేను తలదువ్వుకుని, మంచి చీర కట్టుకుని అన్నయ్య కోసం చూస్తున్నాను. మసీదు నుంచి మా ఆయన అందరికంటే ముందు వచ్చాడు. నా ఎదురుగా నిలబడి, మొన్నటి ఆట మిగిలిపోయింది, ఒక్కసారి వస్తావా అని అడిగాడు.

పోకూడదనుకుంటూనే వెళ్ళాను. ఆఖరుసారి ఆ వాన చూసి పోదామనిపించింది. స్టూలు మీద కూర్చుని వాన పెట్టండి అన్నాను. ఆయన తొందరలో తెర మీది బొంత మాత్రం లాగేశాడు. కింద పెట్టెది ముడి పడి రాలేదు, వదిలేశాడు.

వాన మొదలైంది. ఆ రోజు నా ఆటగాడు చెప్పినట్టు విన్నాడు. బంతి ఆయన నుంచి నాకు, నా నుంచి ఆయనకి వచ్చి పోతోంది. ఎవరూ అడ్డుకోలేదు. ఈ ఒక్క ఆట అవకుండా ఉంటే బాగుండునని మనసులో అనుకున్నాను. గోలు దగ్గర పడింది, దొర గొంతు లేచింది, ఆయన నాకివ్వు అన్నాడు, ఇచ్చాను.

తెర నల్లగా అయిపోయింది. వాన లేదు, జనం లేరు, దొర లేడు. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది కాబట్టి కరెంటు పోలేదు. ఆయన వంగి కింద పెట్టె మీద చెయ్యి వేసి, వేడి తగిలి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. ఏప్రిల్ నెలలో దానికి దూది బొంత కప్పి గంట సేపు ఆడించాం. ఊపిరాడక ఆగిపోయింది పాపం.

నల్లటి తెరలో మా ముఖాలు రెండూ కనిపిస్తున్నాయి. నావైపు నేను చూసుకుంటూ, ఎవరికీ వినిపించనంత మెల్లగా అన్నాను.

"మీకు నేను నచ్చలేదని మూడో రోజే తెలిసింది. అప్పుడే పోవాల్సింది."

"ఏ మూడో రోజు?" అన్నాడు ఆయన.

విన్నాడు. నాకు దాచుకునే ఓపిక లేదు. డాబా మీద అడిగాను కదా, మీరు చలేస్తోందని లేచిపోయారు కదా అన్నాను. ఆయన తెరలో నా ముఖం వైపే చూస్తున్నాడు. ఆ రోజు నువ్వు ఎటు పక్క కూర్చున్నావని అడిగాడు. ఎడమో కుడో ఇప్పుడు ఎందుకని నా అసలు గొంతు లేచింది. ఎప్పుడూ ఎటు కూర్చుంటానో తెలియదా, ఎడమ పక్క అన్నాను.

ఆయన ఎడమ చెయ్యి మెల్లగా ఎడమ చెవి మీదికి వెళ్ళింది.

అప్పుడు చెప్పాడు. చిన్నతనం నుంచీ మిషను దగ్గరే నిలబడ్డాడు. మోటారు ఎప్పుడూ ఎడమ వైపు. ఆ చెవి ఎప్పుడు పోయిందో ఆయనకే తెలియదు. ఇంట్లో అందరూ అరిచే మాట్లాడతారు, అందుకని కుడి చెవితోనే గడిచిపోయింది. సంబంధం చూసేటప్పుడు మామయ్యతో అంటే, అంత చిన్న విషయం ఆడపిల్లవాళ్ళకి ఎందుకన్నారట. పెళ్ళయ్యాక తనే చెబుదామనుకున్నాడు. చెబితే నేను వెళ్ళిపోతానేమోనని రేపు, రేపు అనుకుంటూ ఉండిపోయాడు.

ఆయన ఇంకా చెవి మీద చెయ్యి తీయలేదు.

"నేనేమో నువ్వే నాతో మాట్లాడవనుకున్నా సఫూరా. ఆర్నెల్లుగా పక్కనే కూచుంటావు, ఒక్క మాట కూడా ఆడవు. ఇష్టం లేని పిల్లని తెచ్చి కట్టారేమో అనుకునేవాణ్ణి."

నాకు ముందు కోపం వచ్చింది. మామయ్య మీద, మోటారు మీద, కొత్త కోడలి గొంతు గడప దాటకూడదన్న మా అమ్మ మీద, పెళ్ళాన్ని ఎడమ పక్కన కూర్చోబెట్టిన మొదటి మనిషి మీద. తర్వాత ఆ మాటలన్నీ గుర్తొచ్చాయి. చీర బాగుందా అన్నది, గాజులు అడిగింది, జ్వరం వచ్చినప్పుడు కాసేపు ఇక్కడే ఉండండి అన్నది. అన్నీ చెప్పాను, ఒక్కటీ చేరలేదు. ఆ పక్కన ఆయన, ఈ పక్కన నేను, ఎదుటి మనిషికి మనం నచ్చలేదని ఏడుస్తూ కూర్చున్నాం. ఏడుపొచ్చింది, అందులోనే నవ్వు కూడా వచ్చింది. ముక్కు చీదుకుంటే చేతికి దూది అంటుకుంది.

ఆ రోజు అడిగింది మళ్ళీ అడగమన్నాడు. నేను అడగనన్నాను. ఒకసారి అడిగానుగా.

"నచ్చావు" అన్నాడు, ఆ ఇంట్లోవాళ్ళందరిలాగా పెద్ద గొంతుతో. "ఆ రోజే నచ్చావు."

బయట అత్తయ్య కేక వినపడింది, మా అన్నయ్య వచ్చాడని. షఫీక్ అన్నయ్య మంచినీళ్ళు తాగి, ట్రంకు పెట్టె ఎత్తబోయి, నాలుగు రోజుల పెళ్ళికి ఇందులో ఏం పెట్టావే అని నడుం పట్టుకున్నాడు. నేను అక్కడే కింద కూర్చుని పెట్టె తెరిచాను. చీరలు తీశాను, జాకెట్లు తీశాను, అడుగున ఉన్న శాలువా తీశాను. మండే ఎండలో శాలువా బయటికి రావడం అత్తయ్య చూసింది. ఆవిడ ముఖం మారింది. తెలివైన మనిషి, అంతా అర్థమైంది. శాలువా నా చేతిలోంచి తీసుకుని, నెమ్మదిగా మడతపెట్టి, తీసుకెళ్ళి బీరువాలో నా అరలో పెట్టింది. ఆ ఇంట్లో ఆవిడ ఒక పని చప్పుడు లేకుండా చేయడం అదే చూశాను.

మూడు చీరలు ఒక సంచిలో పెట్టుకున్నాను. మా ఆయన చొక్కాలు కూడా అందులోనే పెట్టాను. తనూ వస్తానంటే మామయ్య మిషను సంగతేమిటని గొణిగారు. ఆ ఇంట్లో గొణుగుడు కూడా వీధి దాకా వినిపిస్తుంది. ఇంకో నాలుగు రోజులు ఆగితే మిషను అలగదులే అని అత్తయ్య తేల్చేసింది. మేము బయల్దేరుతుంటే అలవాటుగా గుమ్మంలోంచి కేకేసింది, బస్సులో మొగుడికి ఎడమ పక్కన కూచో అమ్మాయ్ అని.

"ఇకనుంచి కుడి పక్కే అత్తయ్యా" అన్నాను. నా గొంతు గడప దాటి, వీధి కూడా దాటింది.

చీరాల బస్సులో ఎడమ వైపు సీట్లు దొరికాయి. ఆడవాళ్ళకి కిటికీ ఇవ్వాలి కదా అని అన్నయ్య అంటున్నా, ఆయన్ని కిటికీ పక్కకి జరిపి నేను ఇవతల కూర్చున్నాను. బస్సు కదిలింది. దారి పొడవునా ఎండలో ఎర్రటి కల్లాలు, ఏరేసిన పత్తి చేలల్లో అక్కడక్కడా మిగిలిపోయిన తెల్లటి పింజలు. ఇంజను మోత ఎక్కువగా ఉంది. ఆయన కుడి చెవి దగ్గరికి వంగి, నికా అయిన మూడో రోజు సాయంత్రం నుంచి మొదలుపెట్టాను. ఏ రోజు ఏం అడిగానో, ఏం అన్నానో, దేనికి గొణిగానో వరసగా చెబుతున్నాను. ఆయన ఒక్కోదానికి ఆగమని, జవాబు చెప్పి, తర్వాతది చెప్పమంటున్నాడు. చీరాల వచ్చేసరికి మేము ఇంకా మొదటి నెలలోనే ఉన్నాం.